ఈకయెర గాలపువేట

గాలపు ముల్లునకు పక్షియీకలను, పట్టుదారమును చుట్టి, నీటిపై వ్రాలిన యీగ యని భ్రమింపజేసి, శీతల గిరినదులలోని ట్రౌటు చేపను పట్టు విద్య. ఎరకు బరువు లేదు గనుక దారపు బరువే దానిని మోసికొనిపోవలయును. నేర్పంతయు ఆ విసరుటయందే యున్నది. సుమారు 20 డిగ్రీలు దాటిన నీట కుదురుకొనజాలని యీ చేపకు, వానలకు పొంగి వేసవిలో మడుగులుగా తెగిపోవు శేషాచలపు వాగులు నెలవు కాలేదు. మద్రాసు రాజధానిలో దానికి ఆశ్రయమిచ్చినవి నీలగిరులు, అచ్చటను తొలి యత్నములు విఫలమైన పిమ్మటనే. మద్రాసు సివిలు ఉద్యోగి హెన్రీ సలివన్ థామస్ 1873లో ప్రకటించిన ‘ద రాడ్ ఇన్ ఇండియా’ దొరల గాలపువేటకు ప్రసిద్ధ గ్రంథము.

ఆ శేషాచలమందే 270 అడుగుల తలకోన జలపాతము గల యడవి 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానమగుటచే అందు వేట నిషిద్ధము. కొండ దిగిన పిదప చెరువులలో, స్వర్ణముఖి మడుగులలో పల్లెపిల్లల గాలమే రాజ్యమేలును: వెదురుకోల, జొన్నబెండు, వానపాము. బెండు తొలిసారి వణకగనే లాగిన తొందరపాటువానికి బోడిముల్లే దక్కును. అది పూర్తిగా మునుగువఱకు ఊపిరి బిగబట్టినవానికి వెండిపొలుసుల పరక.