చెరువు మట్టి – రైతు సమ్మతి

తొలకరి వానకు ఓరుగల్లు ప్రాంతపు చెలక భూములలో పారే నీరు ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు పొలం నుండి వచ్చినది. పైరుకు బలమిచ్చే పైమట్టి రేణువులు నీటితో పాటు వాలు వెంట దిగి, చివరకు చెరువు అడుగున చేరుతవి. ఈ ప్రాంతంలో ఏటా సుమారు 1000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది గాని, అందులో అధికభాగం జూన్–సెప్టెంబరు నెలలలోనే పడుతుంది. కనుక మట్టిని, నీటిని నిలుపుకొనడం ఇక్కడ చాల పాత సమస్య. కట్ట వేసే విద్య మన పూర్వులకు తెలుసు. అంతకంటె కఠినమైన ప్రశ్న మరొకటి కలదు: ఆ పనికి రైతు తనంతట తాను ఎప్పుడు ముందుకు వస్తాడు?

కాకతీయుల కాలంలో దీనికొక సమాధానం దొరికినది. గణపతిదేవుని పాలనలో (1199–1262) ఆయన కొలువులోని జగదాల ముమ్మడి పాకాల చెరువును నిర్మించినాడు. 1213 నాటి రామప్ప గుడిని కట్టించిన రేచర్ల రుద్రుడు ఆ చేరువలోనే పెద్ద చెరువును కట్టించినాడు. వీటితో పాటు చిన్న చెరువులెన్నో వెలసినవి. ఒక చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువును చేరే విధంగా ఇవి గొలుసుకట్టుగా అమరినవి. రాజు ఒక్కడే ఇన్నిటిని కట్టించలేడు. అందుకు తోడ్పడిన ఏర్పాటు దశబంధం. చెరువు కట్టినవానికి, లేదా బాగుచేసినవానికి, దాని క్రింది భూమిలో గాని పంటలో గాని సాధారణంగా పదవ వంతు మాన్యంగా లభించేది. చెరువు నిండితేనే మాన్యం పండుతుంది. అందువల్ల కట్టను కాపాడుకొనడం ఆ కుటుంబానికి స్వంత పని అయినది.

గ్రామంలో తూము తెరచి మూసి, ఆయకట్టుకు నీరు పంచేవాడు నీరటి. పంట నూర్చినప్పుడు కళ్లంలోనే రైతులు అతనికి ధాన్యం కొలిచి ఇచ్చేవారు. పంట ఎండితే అతని గింజలూ తగ్గేవి. అయితే నాటి పనులన్నీ ఇష్టపూర్వకంగా జరిగినవని భ్రమపడరాదు. నిజాం పాలనలో తెలంగాణ పల్లెలు దేశ్‌ముఖుల వెట్టిచాకిరిని అనుభవించినవి. మద్రాసు ప్రభుత్వం కూడ 1858లో, కట్టలు తెగే ప్రమాదం వచ్చినప్పుడు గ్రామస్థులు తప్పక పనిచేయవలెనని చట్టం చేసినది. నిర్బంధంతో కట్ట ఒకనాటికి నిలువవచ్చును. ఏటేటా పూడిక తీయించుటకు అది చాలదు.

20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో బావులు, విద్యుత్ పంపుసెట్లు, తరువాత బోర్లు వ్యాపించినవి. ఎవరి పొలంలో వారికి నీరు దొరకగానే ఊరుమ్మడి చెరువు మీద శ్రద్ధ తగ్గినది. మరమ్మతు సర్కారు పని అనే భావం పెరిగినది. ఇందులోని చిక్కు ఏమనగా, చెరువులో నిలిచిన నీరే భూమిలోకి ఇంకి చుట్టుపట్ల బావులను నింపుతుంది. చెరువు పూడిపోతే బావికి కూడ ఊట తగ్గుతుంది.

మెట్ట పొలాలలో మరొక చిక్కు. వాలుకు అడ్డంగా గట్టు వేస్తే, దాని క్రింద పోయే నేల పై రైతుది. లాభంలో కొంత దిగువ రైతుది. పూర్తి ఫలితం కనబడుటకు కొన్ని ఏండ్లు పడుతుంది. అప్పటివరకు ఆ పొలం తన చేతిలో ఉంటుందన్న నమ్మకం కౌలుదారుకు లేదు. కనుక గట్టును దున్నివేసిన రైతును అజ్ఞాని అనుట సరికాదు. అతని లెక్క అతనికి ఉన్నది. ఆచార్య సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో చేసిన సూచనలను అనుసరించి, 1995 నుండి వాటర్‌షెడ్ పనులలో గ్రామస్థులకు ప్రధాన పాత్ర ఇచ్చినారు.

2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయను ప్రారంభించినది. 46 వేలకు పైగా చెరువులను విడతలవారీగా బాగుచేయుట దాని సంకల్పం. పూడిక త్రవ్వించే ఖర్చు ప్రభుత్వానిది. ఆ మట్టిని పొలానికి తరలించే ఖర్చు రైతుది. అయినప్పటికీ రైతులు ట్రాక్టర్లతో మట్టిని తోలుకొన్నారు. కారణం స్పష్టం. పూడికలో బంకమట్టి, సేంద్రియ పదార్థం ఉంటవి. ఇసుకపాలు హెచ్చుగా ఉన్న చెలకలో దానిని కలిపితే నేల తేమను ఎక్కువ కాలం పట్టి ఉంచుతుంది. పత్తి, మిరప వేసే రైతు ఆ మేలును మరుసటి పంటలోనే చూడగలడు. ట్రాక్టరు లేని చిన్న రైతుకు మాత్రం కిరాయి భారమే.

ఎనిమిది వందల ఏండ్ల ఈ చరిత్ర ఒక్క సంగతి తెలుపుతున్నది. లాభంలో వంతు, పనిలో మాట, నేలపై భరోసా ఉన్నచోట రైతు కదలినాడు. అవి లేనిచోట ఆగినాడు. విద్యార్థులు తమ ఊరి చెరువు కట్ట మీదికి వెళ్లి పెద్దలను అడగవలెను: ఇక్కడ ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది, నిర్ణయం ఎవరిది? ఆ జవాబులను బట్టి కట్ట ఎంతకాలం నిలుస్తుందో వారే చెప్పగలరు.