నీళ్ల కోసం నిలబడిన తండాలు: లంబాపూర్, పెద్దగట్టు చరిత్ర

మన చరిత్ర అనగానే సేవాలాల్ మహరాజ్ బోధలు, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన తాతల ప్రయాణాలు, తండా నాయక్ తీర్పులు గుర్తుకొస్తాయి. మన కాలంలోనే నల్లగొండ జిల్లాలోని లంబాడా సోదరులు రాసిన చరిత్ర మరొకటి ఉంది. పాఠ్యపుస్తకాల్లో దానికి చోటు దొరకలేదు. మాచారెడ్డి తండాల యువత దాన్ని తెలుసుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

నాగార్జునసాగర్ జలాశయం పక్కన గట్ల మీద లంబాపూర్, పెద్దగట్టు ఉన్నాయి. అక్కడ ఎక్కువగా ఉండేది మనవాళ్లే. 1990ల్లో జరిగిన అన్వేషణలో ఆ గట్ల కింద యురేనియం ఉందని తేలింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ అక్కడ గనులు తవ్వడానికి, ముడి ఖనిజాన్ని శుద్ధి చేసే కర్మాగారం కట్టడానికి ముందుకొచ్చింది. ఉద్యోగాలు వస్తాయని, రోడ్లు పడతాయని అన్నారు. తండావాళ్లు మాత్రం ముందు నీళ్ల గురించి అడిగారు.

ఆ ప్రశ్నకు కారణం ఉంది. అక్కడి టన్ను రాయిలో దొరికే యురేనియం సుమారు ఒక కిలో మాత్రమే. మిగతా రాయంతా పిండిగా మారి, రసాయనాలతో కలిసి, బురదగా ఒక చెరువులో మిగిలిపోతుంది. అందులో ఉండే రేడియం సగానికి తగ్గాలంటేనే 1,600 ఏళ్లు పడుతుంది. గని కొన్నేళ్లే నడుస్తుంది. బురద మాత్రం తరతరాలు ఉంటుంది.

బంగారు గనుల కథా ఇంతే. టన్ను రాయికి కొన్ని గ్రాముల బంగారం దక్కుతుంది, దాన్ని సైనైడ్‌తో విడదీస్తారు. 2000 జనవరి 30న రుమేనియాలోని బాయా మారేలో బంగారం శుద్ధి చేసే చోట కట్ట తెగి, సుమారు లక్ష ఘనపు మీటర్ల విషపు నీరు నదుల్లో కలిసింది. పక్క దేశం హంగరీలోని తీసా నదిలో చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. ఎందరో తెలుగువాళ్లు కూడా పనిచేసిన కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడి సైనైడ్ మట్టి దిబ్బలు మాత్రం ఊరి పక్కనే ఉండిపోయాయి.

2003 ఆగస్టులో పెద్దగట్టు గనులపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. వ్యతిరేకత గట్టిగా వినిపించింది. శాస్త్రవేత్తలు, పర్యావరణ కార్యకర్తలు తండాలకు వచ్చి గని పత్రాల్లో ఏముందో విడమరచి చెప్పారు. ఆ గట్ల నీళ్లు దిగేది సాగర్‌లోకి. సాగర్ నుంచి అక్కంపల్లి జలాశయం మీదుగా కృష్ణా తాగునీరు హైదరాబాద్‌కు వెళ్తుంది. ఈ సంగతి తెలిశాక నగరం కూడా మాట్లాడింది. తండా బాధ తండాదిగానే మిగిలి ఉంటే అంత బలం వచ్చేది కాదు.

మల్లాపురం దగ్గర అనుకున్న కర్మాగారాన్ని దేవరకొండ వైపు శేరిపల్లికి మార్చారు. 2005 మార్చిలో అక్కడ జరిగిన విచారణలోనూ జనం వద్దన్నారు. అయినా అదే ఏడాది చివర కేంద్రం గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చింది. ఒక్క సభలో అరిచి ఇంటికొస్తే పని కాదని అప్పుడు తెలిసింది. అనుమతి వచ్చాక కూడా వాళ్లు పట్టు వదల్లేదు. ఏళ్లు గడిచాయి, ఆ గనులు తెరుచుకోలేదు.

అదే సంస్థ కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నాటికి గని, కర్మాగారం మొదలుపెట్టింది. వ్యర్థాల చెరువు పక్క ఊళ్ల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, పంటలు దెబ్బతిన్నాయని ఫిర్యాదులు చేస్తూ వచ్చారు. గని వచ్చాక అడగడం ఎంత కష్టమో వాళ్లను చూస్తే తెలుస్తుంది. 2019లో అమ్రాబాద్ అడవిలో యురేనియం అన్వేషణ మాట వచ్చినప్పుడు చెంచు సోదరులతో పాటు రాష్ట్రమంతా కదిలింది. ఆ సెప్టెంబరులో శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించింది.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. విశాఖ మన్యంలోని బొర్రా గ్రామాల తరఫున సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరుల ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదంది. ఆ రక్షణ అయిదో షెడ్యూల్ ప్రాంతాలకే. లంబాపూర్ ఆ ప్రాంతంలో లేదు. మన మాచారెడ్డి కూడా లేదు. షెడ్యూల్డ్ తెగ హోదా ఉన్నంత మాత్రాన మన నేలకు ఆ చట్టం కాపలా కాయదు.

మనకు ఉన్నవి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం బయట ఉన్న అడవులకూ వర్తిస్తుంది. ఒడిశా నియమగిరి కేసులో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలనే నిర్ణయించమంది. పన్నెండుకు పన్నెండు గ్రామసభలూ బాక్సైట్ గనిని తిరస్కరించాయి. 2018 చట్టంతో మన తండాలు ఎన్నో గ్రామ పంచాయతీలయ్యాయి. ఒకప్పుడు నాయక్ ముందు మాటగా నిలిచిన నిర్ణయం ఇప్పుడు తీర్మానాల పుస్తకంలో అక్షరంగా నిలవగలదు. పోడు పట్టా కాగితాలు, బోర్ల లోతు, చెరువుల లెక్క, గ్రామసభ తీర్మానాలు భద్రంగా ఉంచుకునే తండాను ఏ విచారణలోనూ తేలిగ్గా తోసేయలేరు.

మన పాల్వంచ వాగు నీళ్లు నర్మాల దగ్గర ఎగువ మానేరుకు చేరతాయి. మన నీళ్లు మన ఒక్కరివే కావు. నల్లగొండ సోదరులు ఆ మాట నగరానికి అర్థమయ్యేలా చెప్పారు. వాళ్ల గట్టు ఇంకా గట్టుగానే ఉంది. తీజ్ పండుగకు మొలకలు పెంచే మన ఆడపిల్లలకు ఆ కథ కూడా చెప్పుకుందాం.