అంగడి విడిచినా చట్టం విడువని కృతి

పుదుచ్చేరి పట్టణంలోని సోలై నగర్‌లో ఒక విద్యార్థి, తయారీదారు అమ్మకం నిలిపివేసిన పాత వీడియో గేమును నేడు డౌన్‌లోడ్ చేసుకొన్నాడనుకొందాం. అంగట్లో దొరకని దానిని తీసుకొంటే ఎవరికి నష్టమన్నది అతని వాదన. చట్టం దీనిని అంగీకరించదు. కృతి దొరకకపోవడం వేరు, దానిపై హక్కు ముగియడం వేరు.

ఈ భేదానికి ఆ పట్టణంతో ముడిపడిన పూర్వకథ ఒకటున్నది. సుబ్రహ్మణ్య భారతి 1908లో బ్రిటిషు ప్రభుత్వ నిర్బంధాన్ని తప్పించుకొని ఫ్రెంచి పాలనలోని పుదుచ్చేరి చేరి, పదేళ్ళు అక్కడ నివసించి ‘కుయిల్ పాట్టు’, ‘పాంచాలి శపథం’ వంటి కావ్యాలు రచించాడు. 1921లో ఆయన మరణించిన పిదప రచనలపై హక్కులు చేతులు మారాయి. పాటల ధ్వనిముద్రణ హక్కు చలనచిత్ర నిర్మాత ఎ.వి. మెయ్యప్పన్‌కు చేరింది. జనం నోరారా పాడుకొనే పాటకు యజమాని ఉండటం చాలామందికి మింగుడుపడలేదు. రచయిత మరణానంతరం 50 ఏళ్ళన్న నాటి లెక్క ప్రకారం ఆ హక్కులు 1971 వరకు సాగవలసినవి. 1949లో మద్రాసు ప్రభుత్వం వాటిని స్వీకరించి, అనంతరం ప్రజాపరం చేసింది. హక్కు లేదని ప్రభుత్వం వాదించలేదు. దానిని పొంది వదలుకొన్నది.

గ్రంథాల విషయంలో 1957 నాటి కాపీరైటు చట్టం కొంత ఉదారంగానే ఉన్నది. దేశంలో అమ్మకానికి లభించని పుస్తకాన్ని ప్రజా గ్రంథాలయం తన వినియోగానికి మూడు ప్రతుల వరకు నకలు చేసుకోవచ్చు. హక్కుదారు పునఃప్రచురణకు నిరాకరించి కృతిని ప్రజలకు అందనీయకపోతే, నిర్బంధ లైసెన్సు కోరవచ్చు. భారతీయ కృతులకే పరిమితమైన ఈ రెండవ అవకాశాన్ని 2012 సవరణ అన్ని కృతులకూ విస్తరించింది.

1984 సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య కృతుల కోవలో చేరింది. కావ్యానికీ క్రీడకూ ఒకే పంక్తి! వడ్డన మాత్రం వేరు. మూడు ప్రతుల వెసులుబాటు పుస్తకం, కరపత్రం, పటం, స్వరలిపి పత్రం వరకు వచ్చి ఆగిపోయింది. సక్రమంగా పొందిన ప్రోగ్రాముకు రక్షణార్థం మరొక నకలు దాచుకోవచ్చు. మొదటి ప్రతే లేనివానికి అది ఉపకరించదు. గ్రంథాలయాలకు ఈ విషయంలోనూ అధికారం ఇచ్చి ఉంటే విద్యార్థికి దొంగదారి వెదకే అవసరం తగ్గేది.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం అమ్మకానికి లభించడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అయినా గ్రంథాలయాలలోని అట్టి ఆటలను పరిశోధకులు తమ ఇంటినుండే పరిశీలించేందుకు కోరిన మినహాయింపును అక్కడి అధికారులు 2024 అక్టోబరులో తిరస్కరించారు.

మన దేశంలో రచయిత పేరు లేకుండా వెలువడిన కృతికి, ప్రచురణ జరిగిన సంవత్సరం ముగిసిన పిదప 60 ఏళ్ళ రక్షణ ఉన్నది. 1990లో వెలువడిన అట్టి ఆట 2050 చివర గాని అందరి సొత్తు కాదు. దానిని భద్రపరచిన ఫ్లాపీ అన్నేళ్ళు మన్నే వస్తువు కాదు.