ఏకదంత ప్రతిరోపణమున తక్షణ భారవహనము

ఊడిన పంటి స్థానమున దవడ యెముకలో టైటానియం మరను బిగించి, నెలల తరబడి వేచియుండక, వారము దినములలోపల దానిపై తొడుగును నిలుపు చికిత్సకు తక్షణ భారవహనమని పేరు. జనులు దీనిని ఇంప్లాంటు పన్ను కట్టించుకొనుట యందురు.

స్వీడన్ దేశీయుడైన పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్, సజీవాస్థి టైటానియమును విడదీయరాని విధమున పెనవేసికొనుటను కుందేళ్లయందు గుర్తించి, 1965లో తొలిసారి మానవుని దవడలో ఇట్టి మరలను నాటెను. అప్పటి నియమము ప్రకారము క్రింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు నిరీక్షింపవలసియుండెను. నాటిననాడు మరను నిలుపునది కేవలము యాంత్రికమైన బిగువు; పాత యెముక కొంత కరగి క్రొత్తది పట్టుకొనులోపల, మూడు నాలుగు వారముల నాటికి, ఆ పట్టు మిక్కిలి సడలును. ఆ దినములలో మర సుమారు 150 మైక్రాన్లకు మించి కదలినచో చుట్టును ఎముకకు మారుగా నారపొర యేర్పడును గావున, నాటునపుడే దాదాపు 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగువు దొరకినగాని తక్షణ భారమునకు వైద్యులు సాధారణముగా అంగీకరింపరు.

డిజిటల్ పద్ధతియందు, కోన్ బీమ్ స్కాను చూపిన యెముకను, నోటిలో త్రిప్పు చిన్న స్కానరు చూపిన పండ్లను కంప్యూటరులో ఒకదానిపై నొకటి పొదిగి, ముందు కావలసిన పంటిని, పిదప దానికి తగిన మర స్థానమును నిర్ణయింతురు. త్రీడీ ప్రింటరుపై సిద్ధమైన గైడు రంధ్రముగుండ డ్రిల్లు దింపుదురు. అయినను మొదట నొక మిల్లీమీటరు, వంపున మూడు నాలుగు డిగ్రీలు తేడా వచ్చుట కలదు గావున నరమునకు రెండు మిల్లీమీటర్లు ఎడముంచుట విధి. ఆక్రిలిక్ దిమ్మనుండి చెక్కిన తాత్కాలికపు తొడుగును తొడిగి, నీలికాగితమును కొరికించి, గుర్తుపడిన చోట నరగదీసి, మరల కొరికించి, ఎదుటి పన్ను తగులుట మానువరకు సరిచేయుదురు. ఈ ఓపికయే చికిత్సకు ప్రాణము. ఏ యంత్రమును దీనికి బదులు కానేరదు. శాశ్వతపు తొడుగు కొన్ని నెలల తరువాతనే.

వంశధార సాగరమును గలయు కళింగపట్నము మొదలుకొని ఉద్దానము వరకు గల శ్రీకాకుళపు తీరమున ఈ చికిత్సకు రెండు ప్రత్యేక విచారములు కలవు. చుట్ట నిప్పును నోటిలోనికి మరల్చి త్రాగు అడ్డపొగ యలవాటు ఇచ్చటి స్త్రీలయందు చిరకాలముగా నున్నది. పిండ్‌బోర్గ్, ఫాలీ మెహతా ప్రభృతులగు దంతవైద్య పరిశోధకులు 10,169 మంది గ్రామీణుల అంగిళ్లను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశోధన అంగిలికి దీనివలన కలుగు కీడును లోకమునకు చాటినది. పొగ రక్తప్రసారమును తగ్గించి మాన్పును మందగింపజేయును. కనుక అంగిలిని శోధింపక పై దవడలో మరను నాటుట తగదు. రెండవది ఉద్దానమున ప్రబలిన మూత్రపిండవ్యాధి: అది ఎముక ఖనిజమును మార్చును, నొప్పిమాత్రలను ప్రమాదకరము చేయును. కావున రక్తములో క్రియాటినిన్ పరీక్ష, అంగిలి పరీక్ష స్కానుకంటె ముందు జరుగవలయును. చుట్ట మానలేనివారికిని, మూత్రపిండములు చెడినవారికిని తక్షణ భారవహనము వలదు. మర నాటదగునని వైద్యుడు నిశ్చయించినచో, నిరీక్షించు పాతపద్ధతియే మేలు.