రెండు మేళములు, ఒక రికార్డు

గ్రామఫోను రికార్డునకు రెండు ముఖము లున్నవని శ్రోతలందరకును తెలిసినదే. సాధారణముగా రెండు ముఖములయందును ఒకే గాయకుని పాటలుండును. కాని పాశ్చాత్య దేశములలో ఒక ముఖమును ఒక మేళమును, రెండవ ముఖమును వేరొక మేళమును పంచుకొని వెలువరించిన రికార్డులు పెక్కులు కలవు. అచ్చటివారు వానిని ‘స్ప్లిట్’ అందురు. మనము ‘పంపకపు రికార్డు’ అనుకొనవచ్చును. 2002వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన అట్టి రికార్డు నొకదానిని గూర్చి నేడు మనవి చేయదలచితిని.

ముందుగా ఆ సంగీత మెట్టిదో చెప్పవలెను. 1976లో న్యూయార్కు నగరమునకు చెందిన రమోన్స్ అను మేళము తన మొదటి రికార్డును వెలువరించెను. పాటలు పొట్టివి, నడక మిక్కిలి వేగము, స్వరము లతిసులభము. పాండిత్యము లేని పిల్లవాడు సయితము గిటారు చేతబట్టి పాడవచ్చునను ధైర్యమును పంక్ సంగీతము కలిగించినది. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో బజ్‌కాక్స్ అను మేళమువారు అప్పు చేసి, ఏ కంపెనీ ప్రాపకమును కోరక, తమ రికార్డును తామే వేయి ప్రతులు వేయించుకొనిరి. ఈ పంక్ వేగమునకు, జనులు కూనిరాగము తీయదగిన తీయని వరుసలను చేర్చగా పాప్ పంక్ అను శాఖ యేర్పడినది.

పంపకపు రికార్డునకు మూలము పేదరికమే. రికార్డు నచ్చొత్తుటకు ముందు మూస తయారు కావలెను. నూరు ప్రతులు వేసినను వేయి వేసినను మూస ఖర్చు మారదు. రెండు మేళములు కలిసినచో ఆ భారము సగమగును. అంతేకాదు, ఒకరి పాట కొరకు కొన్నవాడు రెండవవారి పాటను కూడ ఇంటికి కొనిపోవును. అయితే ఇందొక లోపమున్నది. కొన్నవాడు తనకు ప్రియమైన ముఖమునే త్రిప్పి త్రిప్పి వినును. రెండవ ముఖమునకు ముల్లు తగులకయే పోవచ్చును. ఒకే గూటిలో నున్నను మేళములు రెండును అపరిచితములుగనే మిగులును.

1994లో ఈ సంగీతమునకు అకస్మాత్తుగా ధనము వచ్చినది. గ్రీన్ డే అను మేళము పెద్ద కంపెనీతో ఒడంబడిక చేసికొని వెలువరించిన ‘డూకీ’ అమెరికాలోనే కోటి ప్రతులకు మించి చెల్లినది. బర్క్‌లీ పట్టణమున గిల్మన్ వీధిలోని సభాశాల వారికి పుట్టినిల్లు వంటిది. పెద్ద కంపెనీల మేళములకు అచ్చట ప్రవేశము లేదను నియమముండుటచే వారికి ఆ తలుపులు మూతపడినవి. వారు మరల అచ్చట వాయించినది 2015లోనే. సంపద వచ్చినపిదప సహవాసము నిలుచునా యను ప్రశ్న ఆనాటి మేళము లన్నింటికిని ఎదురైనది.

నేను చెప్పదలచిన రికార్డు ఆ ప్రశ్నకొక సమాధానమని నా తలంపు. దానిని పంచుకొన్నవి నోఎఫ్ఎక్స్, ర్యాన్సిడ్ అను రెండు మేళములు. మొదటిది 1983లో లాస్ ఏంజెలీసునందు పుట్టినది. రెండవది 1991లో బర్క్‌లీయందు, గిల్మన్ వీధిలో పాడి పేరొందిన వారితో ఏర్పడినది. ఇరువురును పెద్ద కంపెనీలకు పోక ఎపిటాఫ్ అను స్వతంత్ర సంస్థలోనే యుండి ప్రఖ్యాతులైరి. స్టెర్న్ సోదరులు నడపిన బీవైఓ అను సంస్థ 1999 మొదలు 2004 వరకు ఐదు పంపకపు రికార్డులను వరుసగా వెలువరించెను. వానిలో మూడవది యిది.

2002 నాటికి ఈ మేళములకు మూస ఖర్చు పంచుకొనవలసిన అవసరము లేదు. అయినను పంచుకొనిరి. పంచుకొన్నది ఖర్చును గాదు, పాటలను. నోఎఫ్ఎక్స్ వారు ర్యాన్సిడ్ పాటలారింటిని, ర్యాన్సిడ్ వారు నోఎఫ్ఎక్స్ పాటలారింటిని పాడిరి. వెనుక నేను చెప్పిన లోపము దీనితో తీరినది. తన మేళపు ముఖమునే వినగోరువాడు కూడ అందు రెండవవారి పాటనే వినవలసి వచ్చును. తప్పించుకొను దారి లేదు.

మన జంటకవుల పద్యములలో ఏది యెవరిదో చదువరికి తెలియదు. ఇచ్చట అట్లు గాదు. గొంతు ఒకరిది, పాట వేరొకరిదని స్పష్టముగా తెలియుచుండును. నోఎఫ్ఎక్స్ వారు హాస్యముగా పాడినదానిని ర్యాన్సిడ్ వారు బొంగురుగొంతుతో పాడగా, ఆ హాస్యము క్రిందనున్న బిరుసుదనము బయటపడును. ‘రేడియో’ అను ర్యాన్సిడ్ పాట పరుగులు తీయునది. నోఎఫ్ఎక్స్ వారు దానిని జమైకా దేశపు రెగే నడకలో నెమ్మదిగా వాయించిరి. 1993లో ఆ పాట పేరిట ర్యాన్సిడ్ వారి చిన్న రికార్డును వెలువరించినది నోఎఫ్ఎక్స్ గాయకుడు నెలకొల్పిన సంస్థయే. తొమ్మిదేండ్ల పిమ్మట ఆయన ఆ పాటను తన నోట పాడెను.

పరుల పాటను పాడవలెనన్న ముందు దానిని శ్రద్ధగా వినవలెను. పొగడుట సులభము, వినుట కష్టము. లేమిలో కలిసియుండుట అవసరముచేత జరుగును. కలిమిలో కలిసియుండుటకు ఇష్టము కావలెను. నోఎఫ్ఎక్స్ 2024 అక్టోబరు 6వ తేదీన కడపటి కచేరీ చేసి విరమించినది. ఆ మేళము పాడిన పొరుగువారి పాటలారును రికార్డులో నిలిచియున్నవి. అవకాశమున్న శ్రోతలు రెండు ముఖములను వినవలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాను.