డీజిల్ జీపు లోప నిర్ధారణ: పొగ నుంచి కోడ్ దాకా

యాంత్రిక ఇంజెక్షన్ పంపుల కాలంలో రాప్తాడు వంటి మెట్ట ప్రాంతాల మెకానిక్‌లు పొగ చూసి, శబ్దం విని జీపు లోపం గుర్తించేవారు. 1997లో కామన్ రైల్ విధానం కార్లలోకి వచ్చాక ఇంజన్ నియంత్రణ కంప్యూటర్‌కు చేరింది. సెన్సర్ రీడింగు హద్దు దాటితే, ఇంజన్‌ను కాపాడేందుకు అది శక్తిని తగ్గిస్తుంది. దీన్నే 'లింప్ మోడ్' అంటారు. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే తరచుగా బండి మామూలవుతుంది. కోడ్ మాత్రం నిల్వ ఉంటుంది.

అయితే కోడ్ లక్షణాన్ని చెబుతుంది, కారణాన్ని కాదు. 'టర్బో గాలి పీడనం తక్కువ' అని వస్తే దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టరో, పగిలిన గొట్టమో, వదులైన సెన్సర్ వైరో కారణం కావచ్చు. ఇవి చూడకుండా టర్బో మార్పిస్తే రైతుకు ఖర్చు మిగులుతుంది, లోపం తిరిగొస్తుంది. లోడుతో ఎత్తు ఎక్కిస్తూ రీడింగు గమనించాలి. లోపం కనబడే పరిస్థితిలోనే పరీక్షించాలన్న పాత పద్ధతి నేటికీ అవసరమే.