స్టాండ్‌బై విద్యుత్తు – ఇళ్లలో వృథా, పొదుపు

విద్యుత్ పరికరం తన అసలు పని చేయని సమయంలో కూడా ప్లగ్ పాయింటు నుంచి తీసుకునే కరెంటును స్టాండ్‌బై విద్యుత్తు అంటారు. రిమోట్‌తో ఆపిన టీవీ, ఎవరూ చూడకపోయినా వేడిగా ఉండే సెట్‌టాప్ బాక్స్, గడియారం అంకెలు వెలుగుతూ ఉండే మైక్రోవేవ్ ఓవెన్, నిద్రాణ స్థితిలో ఉన్న కంప్యూటర్ ఇందుకు ఉదాహరణలు. ఒక్కో పరికరం వాడేది సాధారణంగా అర వాటు నుంచి పది పదిహేను వాట్ల దాకా మాత్రమే. అయినా అది రాత్రీ పగలూ సాగుతుంది కాబట్టి, అభివృద్ధి చెందిన దేశాల ఇళ్లలో మొత్తం వాడకంలో 5 నుంచి 10 శాతం వరకు దీని ఖాతాలోకే వెళుతుందని అధ్యయనాలు అంచనా వేశాయి. ఇంట్లో విద్యుత్ పొదుపుకు ఉన్న మార్గాల్లో ఇది అన్నిటికన్నా పెద్దది కాదు. కానీ పైసా ఖర్చు లేకుండా, ఏ సౌకర్యాన్నీ వదులుకోకుండా ఈ రోజే మొదలుపెట్టగలిగినది ఇదే.

లెక్క

మీటరు వాట్లను గంటలతో గుణించి లెక్కిస్తుంది. వెయ్యి వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి, ఆగకుండా సాగే ఒక్క వాటు ఏడాదిలో 8.76 యూనిట్లు అవుతుంది. నెలకు చూస్తే సుమారు 0.72 యూనిట్. 750 వాట్ల మిక్సీని రోజూ పది నిమిషాలు తిప్పితే ఏడాదికి దాదాపు 46 యూనిట్లు. 10 వాట్ల సెట్‌టాప్ బాక్స్ రోజుకు 20 గంటలు ఊరికే నడిస్తే 73 యూనిట్లు. పెద్ద చప్పుడు చేసే మిక్సీ కన్నా మూలన కూర్చున్న పెట్టె ఎక్కువ ఖర్చు చేస్తుంది.

కారణాలు

రిమోట్‌తో పనిచేసే ప్రతి పరికరంలోనూ ఆ సంకేతాన్ని అందుకునే భాగం ఎప్పుడూ మేలుకొని ఉండాలి. గడియారం, సూచిక దీపం, టచ్ బటన్లు, వైఫై సంబంధం కూడా నిరంతరం కరెంటు కోరతాయి. చాలా పరికరాల్లో ఆన్ బటన్ ఇంటి కరెంటును పూర్తిగా తెంచదు. లోపల ఉన్న పవర్ సప్లై బతికే ఉంటుంది, దాని తర్వాతి భాగాలు మాత్రమే ఆగిపోతాయి.

పాత తరహా బరువైన అడాప్టర్లలో ఇనుప కోరు ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది. అటువైపు ఏమీ తగిలించకపోయినా ఆ కోరులో అయస్కాంత క్షేత్రం మారుతూ ఉండటం వల్ల కొంత శక్తి వేడిగా పోయేది. అందుకే అవి ముట్టుకుంటే ఎప్పుడూ గోరువెచ్చగా ఉండేవి. తర్వాత వచ్చిన తేలికైన స్విచ్చింగ్ పవర్ సప్లైలు ఈ నష్టాన్ని బాగా తగ్గించాయి.

చరిత్ర, ప్రమాణాలు

గత శతాబ్దం మధ్యకాలపు టీవీల్లో బొమ్మ రావడానికి ట్యూబులు వేడెక్కాలి. ఆ ఆలస్యం లేకుండా ఉండేందుకు, ఆపి ఉన్నప్పుడూ ట్యూబులను వెచ్చగా ఉంచే టీవీలు అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. రిమోట్లు, ఎలక్ట్రానిక్ గడియారాలు సర్వసాధారణమయ్యాక ఈ వాడకం ఇంటింటికీ వ్యాపించింది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలకు చెందిన అలన్ మేయర్ 1990ల్లో దీన్ని లోతుగా అధ్యయనం చేసి, ఏ పరికరమూ స్టాండ్‌బైలో ఒక వాటు మించి తీసుకోకూడదని ప్రతిపాదించారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో ఈ ఒక వాటు లక్ష్యాన్ని చేపట్టింది.

2001లో అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు తక్కువ స్టాండ్‌బై ఉన్న పరికరాలనే కొనాలని అప్పటి అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ఉత్తర్వు ఇచ్చారు. 2005లో కొలత పద్ధతికి ఐఈసీ 62301 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. ఐరోపా సమాఖ్య 2008లో చేసిన నిబంధనతో 2010 నుంచి ఒక వాటు, 2013 నుంచి అర వాటు పరిమితి అమలైంది. తెర మీద సమాచారం చూపే పరికరాలకు దీనికి రెట్టింపు అనుమతించారు. కంపెనీలు ప్రపంచమంతటికీ ఒకే నమూనాలు తయారుచేస్తాయి కాబట్టి, ఈ నిబంధనల మేలు మన ఇళ్లకు కూడా చేరింది.

భారత్‌లో 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టం కింద 2002లో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఏర్పడింది. 2006లో అది స్టార్ లేబుళ్ల కార్యక్రమాన్ని మొదలుపెట్టింది.

ఏ పరికరం ఎంత?

కొత్త టీవీలు చాలావరకు అర వాటు దగ్గరే ఆగుతాయి. మొబైల్ చార్జర్ ఫోను లేకుండా బోర్డుకు ఉండిపోతే తీసుకునేది 0.1 వాటు లాంటిదే. ఏడాది పొడవునా ఒక యూనిట్ కూడా కాదు. చార్జర్ తీసేయడం మంచి అలవాటే అయినా, పొదుపు అంతా అందులోనే ఉందనుకుంటే అసలు ఖర్చు కంటికి కనబడదు.

అసలు ఖర్చు సెట్‌టాప్ బాక్సులది. వీటిలో చాలా నమూనాలు రిమోట్‌తో ఆపినా, నడుస్తున్నప్పటితో దాదాపు సమానంగా కరెంటు తీసుకుంటాయి. వైఫై రౌటర్ 6 నుంచి 10 వాట్లు, గడియారం వెలిగే మైక్రోవేవ్ ఓవెన్ 2, 3 వాట్లు వాడతాయి. ఏసీ వాడని నెలల్లోనూ దాని బోర్డు, స్టెబిలైజర్ కొన్ని వాట్లు తీసుకుంటూనే ఉంటాయి.

గీజర్‌ది వేరే తరహా నష్టం. స్విచ్ ఎప్పుడూ వేసి ఉంచితే, కాగిన నీళ్లు చల్లారడం, మళ్లీ కాగడం రోజంతా జరుగుతుంది. ట్యాంకు పరిమాణాన్ని, నాణ్యతను బట్టి ఈ నష్టం రోజుకు అర యూనిట్ నుంచి ఒక యూనిట్ పైచిలుకు ఉంటుంది. గీజర్ల మీద స్టార్ గుర్తులు ఇచ్చేది ఈ నష్టాన్ని కొలిచే.

ఇంట్లో కొలిచే పద్ధతి

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుతుంటుంది. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మిణుకుతుందో మీటరు మీదే ముద్రించి ఉంటుంది. 3200 అనేది తరచుగా కనిపించే సంఖ్య. లైట్లు, ఫ్యాన్లు, మోటారు ఆపి, ఫ్రిజ్‌ను కూడా ఓ పది నిమిషాలు ఆపి, స్టాండ్‌బై పరికరాలను మాత్రం అలాగే ఉంచాలి. రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పడుతుందో చూసి, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. మీటరు మీద 1600 అని ఉంటే 2250ను భాగించాలి. 45 సెకన్లకోసారి మిణికితే ఇంటి స్టాండ్‌బై 25 వాట్లు. అంటే నెలకు 18 యూనిట్లు. కొలత అయ్యాక ఫ్రిజ్ స్విచ్ మళ్లీ వేయడం మరవకూడదు.

తగ్గించే మార్గాలు

చాలా దేశాల్లో ప్లగ్ పాయింటుకు స్విచ్ ఉండదు. కరెంటు తెంచాలంటే ప్లగ్ పీకాల్సిందే. మన ఇళ్లలో దాదాపు ప్రతి పాయింటుకూ పక్కనే స్విచ్ ఉంటుంది. టీవీ, సెట్‌టాప్ బాక్స్, సౌండ్ బార్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపితే, పడుకునే ముందు ఒక్క స్విచ్‌తో పని అయిపోతుంది. టీవీ స్విచ్ చేయి పెట్టలేనంత వెనక్కి ఉండటం వల్లే చాలా ఇళ్లలో అది ఎప్పుడూ వేసి ఉంటుంది. కాబట్టి కొత్త ఇల్లు కట్టేవారు వైరింగ్ దశలోనే ఆ స్విచ్‌ను చేతికందే చోట పెట్టించుకోవాలి. గీజర్‌ను స్నానానికి ముందు వేసి, నీళ్లు కాగాక ఆపాలి. ఏసీకి వేసవి ముగిశాక బోర్డు దగ్గరే కరెంటు ఆపాలి.

కొన్నింటిని ఆపకూడదు. ఫ్రిజ్, వైద్య పరికరాలు, సీసీ కెమెరాలు, వాటికి అవసరమైన రౌటర్ నడుస్తూనే ఉండాలి. ఓఎల్‌ఈడీ టీవీలు ఆపిన తర్వాత కొద్దిసేపు తెరను సరిచేసుకుంటాయి. వాటికి ఆ వ్యవధి ఇచ్చాకే స్విచ్ తీయాలి. నడుస్తున్న ఏసీని నేరుగా బోర్డు దగ్గర ఆపకుండా ముందు రిమోట్‌తో ఆపాలి.

మొత్తం వాడకంలో స్థానం

స్టాండ్‌బై ఒక్కటే తగ్గించి ఊరుకుంటే పొదుపు సగంలో ఆగినట్టే. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాన్ స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టి రోజుకు 12 గంటలు వాడితే ఏడాదికి సుమారు 197 యూనిట్లు మిగులుతాయి. ఏసీ ఉష్ణోగ్రతను ఒక్కో డిగ్రీ పెంచినకొద్దీ సుమారు 6 శాతం ఆదా అవుతుందని బ్యూరో చెబుతుంది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చేపాటి వెలుగును 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది. కొత్త ఫ్యాన్లకు, ఏసీలకు, ఫ్రిజ్‌కు డబ్బు పెట్టాలి, సమయం చూసుకోవాలి. స్టాండ్‌బైకి అలవాటు మారితే చాలు.

బిల్లుపై ప్రభావం

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అమలైన గృహ టారిఫ్‌లో నెల వాడకం 30, 75, 125, 225, 400 యూనిట్లు దాటిన ప్రతిసారీ ఆపై యూనిట్లకు ధర పెరుగుతుంది. అందువల్ల మిగిల్చిన ప్రతి యూనిట్ అన్నిటికన్నా ఖరీదైన శ్లాబు నుంచే తగ్గుతుంది. తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకం అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేకుండా చేసింది. 200 దాటితే మొత్తం వాడకానికీ చెల్లించాలి. 205 యూనిట్ల దగ్గర ఆగిన కుటుంబానికి సెట్‌టాప్ బాక్స్ స్విచ్ ఒక్కటే ఆ గీత ఇవతల ఉంచగలదు.

బిల్లు రాని ఇంట్లోనూ వృథా వృథాయే. దేశంలో కరెంటులో సింహభాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. సగటున ఒక్కో యూనిట్ వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. నెలకు 18 యూనిట్ల స్టాండ్‌బై ఉన్న ఇల్లు దాన్ని సగానికి తగ్గించుకుంటే ఏడాదికి 108 యూనిట్లు, సుమారు 75 కిలోల కార్బన్ డయాక్సైడ్ మిగులుతాయి. ఎవరికీ ఉపయోగపడని కరెంటును ఆపడానికి ఏ ఇంటికీ రాయితీ అక్కర్లేదు, కొత్త పరికరమూ అక్కర్లేదు.